పగలగొట్టిన కాసులు

రెనింగ్ అవ్వ బుట్ట నెత్తిన పెట్టుకొని గుమ్మంలోకి వచ్చేసరికి రస్మిని నేల మీద చాప పరుచుకొని కాసులు ఏరుతోంది. మంచివి ఎడమ పక్కకి, పగిలినవి కుడి పక్కకి, చిల్లు సరిగ్గా పడనివి కాళ్ల దగ్గరికి. కంచర పని చేసే పాండే నేసా కార్ఖానాలో పన్నెండేళ్లుగా ఆమె పని అదే. ఏరడం, అంచులు ఆకురాయితో గీయడం, తెల్లదారంతో గుచ్చి బొమ్మలు కట్టడం. నట్టనడుమ చదరపు చిల్లున్న ఈ కాసులు అంగట్లో చెల్లడం మానేసి ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తు లేదు గానీ, మా దగ్గర ఏ పూజా వీటిని పెట్టకుండా జరగదు. బిడ్డ పుట్టినా కాసులే, మనిషి పోయినా కాసులే. అందుకే నేసా లాంటి కంచరులు ఇప్పటికీ కొత్తవి పోస్తూనే ఉన్నారు.

"కాస్త దించు పిల్లా, మెడ పడిపోతోంది," అంది అవ్వ.

రస్మిని లేచి బుట్టకి చెయ్యి ఆనించింది. పట్టుకోగానే నడుము కలుక్కుమంది. "అమ్మో! ఏం మోసుకొచ్చావవ్వా? రోలు గానీ తెచ్చావా?"

"రోలు కాదే, మా ఆయన్ని తెచ్చా," అని నవ్వి అవ్వ పైనున్న తువ్వాలు తీసేసింది.

బుట్ట నిండా పాత కాసులు. నల్లబడ్డవి, పచ్చబడ్డవి, అక్షరాలు అరిగి నున్నగా అయినవి. రెండేసి వందలు తాటినారకి గుచ్చిన దండలు, పడగలెత్తకుండా చుట్టుకుని పడుకున్న పాముల్లా ఉన్నాయి. అవ్వ మొగుడు గెజిర్ తాత ఊరి డోలు వాయించేవాడు. పూజ ముగిశాక పళ్లెంలో మిగిలిన కాసుల్లో అతనికో వంతు వచ్చేది. ఆ వంతులన్నీ ఇవే.

తాత పోయి నాలుగేళ్లయింది. దహనానికి డబ్బు లేని ఇళ్లవాళ్లు చేసినట్టే అవ్వ కూడా అతన్ని శ్మశానంలో పాతిపెట్టించి, ఊరంతా కలిసి చేసే దహనం కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. దహనం అయ్యేదాకా పోయినవాడికి దారి దొరకదు, గుమ్మం బయట నిలబడ్డట్టే. అది ఇన్నాళ్లకి వచ్చింది, ఇంకా పన్నెండు రోజులు. పదకొండు మందికి కలిపి చేస్తున్నారు. మనిషికి పదిహేను లక్షల రుపియా కట్టాలి. ఇది దాటితే మళ్లీ ఐదేళ్లకే. అవ్వకి ఇప్పుడు ఎనభై దగ్గర.

నేసా లోపలి కొలిమి దగ్గరనుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, కనుబొమలు ఎప్పుడూ కాలిపోయి ఉంటాయి. బుట్టలో చెయ్యి పెట్టి ఒక దండ ఎత్తి, గలగలలాడించి చూశాడు.

"తూకానికి ఇచ్చేస్తా నాయనా," అంది అవ్వ. "పందిని అమ్మితే తొమ్మిది లక్షలొచ్చింది. ఇంకో ఆరు కావాలి. ఇవి తొమ్మిదిన్నర కిలోలుంటాయని బియ్యం కొట్టువాడు కాటా వేసి చెప్పాడు. ఎంతిస్తావు?"

"కిలో డెబ్బై వేలు."

"అంతేనా?"

"అంతేనా అంటావేంటవ్వా! రాగి అని పేరే గానీ ఇందులో సగం సీసమే. మూసలో కిలో వేస్తే ముప్పావు కూడా తేలదు. మిగతాదంతా చిట్టెం. రాగితీగ తెచ్చావనుకో, రెట్టింపు ఇస్తా." నేసా దండని బుట్టలో పెట్టేశాడు. "అయినా ఆ గొడవెందుకు, ఇవి నేను కొనను."

"అదేంటి?"

"నిండు కాసు దేవుడి సొమ్ము. నిప్పుల్లో వెయ్యను. మా నాన్న వెయ్యలేదు, నేనూ వెయ్యను. పగిలినదానికైతే ప్రాణం పోయినట్టే, దాన్ని కరిగించి మళ్లీ కాసు చెయ్యొచ్చు. పగిలినవుంటే తీసుకురా."

"పోనీ కాసులుగానే కొనుక్కో."

"పాతవెవరు అడుగుతున్నారవ్వా ఇప్పుడు? అందరికీ మెరిసేవే కావాలి. నా కాసుల్లో పంచలోహాలు లెక్క ప్రకారం పడతాయి. వాటిలో ఏం పడ్డాయో ఎవరికి తెలుసు? దేవుళ్లు కాసు వయసు చూడరు."

ఈ మాట రస్మిని పన్నెండేళ్లుగా వింటోంది. కొనడానికి వచ్చిన ప్రతివాడికీ ఇదే చెప్తాడు. ఆమె తల ఎత్తలేదు.

అవ్వ దండలు సర్దింది. తర్వాత తువ్వాలు గుండ్రంగా చుట్టి నెత్తిన పెట్టుకుంది. "పగిలినవైతే కొంటావన్నమాట," అంది.

"కొంటాను."

"సరే. ఎత్తు పిల్లా."

రెండు రోజులు గడిచాక అవ్వ మళ్లీ వచ్చింది. ఈసారి చిన్న మూట. కాటా వేస్తే రెండు కిలోలు తూగింది. నేసా బజారుకి వెళ్లే తొందరలో ఉన్నాడు, మూట ముడి విప్పి పైపైన చూసి, లక్షా నలభై వేలు అవ్వ చేతిలో పెట్టి స్కూటరెక్కాడు. అవ్వ ఆ నోట్లు నడుముకి చుట్టిన గుడ్డలో దోపుకొని, "మిగతావి ఎల్లుండి," అని రస్మినికి చెప్పి హుషారుగా వెళ్లిపోయింది. ఆ నడక చూస్తే ఎనభై ఏళ్లని ఎవరూ అనరు.

మూసలోకి వేసేముందు పగిలినవాటిని కూడా ఏరాలి. మట్టీ నారపీచూ లోపలికి పోతే చిట్టెం ఎక్కువ తేలుతుంది. రస్మిని మూటని చాప మీద కుమ్మరించి పని మొదలుపెట్టింది. నాలుగైదు ముక్కలు ఇటు వేసిందో లేదో, చెయ్యి ఆగిపోయింది.

ఒక ముక్కని వెలుతురుకి పట్టి చూసింది. ఇంకోటి. మరోటి. పైన నల్లగా ఉన్నాయి, విరిగిన చోట మాత్రం లేత పసుపు, అప్పుడే కోసిన పసుపుకొమ్ములా. పాత విరుపు అలా ఉండదు. ఏళ్ల తరబడి మట్టిలో పడి అది కూడా నల్లబడిపోతుంది. ఈ ముక్కల్లో ఒక్కటంటే ఒక్కటి కూడా పాత విరుపు లేదు. దాదాపు అన్నిటికీ ఒకే పక్కన రాతి దెబ్బ. రెండేసి ముక్కలు కలిపి చూస్తే నిండు కాసు అయిపోతోంది.

"అయ్యో, ముసలిదానా," అంది రస్మిని పైకే.

కొలిమి దగ్గర, కాసుల నమూనాలు గుత్తిగా అతికించిన మైనపు కొమ్మలకి మట్టి పూస్తున్న పనివాడు ఏంటన్నట్టు చూశాడు. ఏం లేదని చెయ్యి ఊపింది.

ఆమెకి అక్కడినుంచి లేవబుద్ధి కాలేదు. తప్పెవరిదని ఆలోచించడానికి కాదు, ఇంకో లెక్క అడ్డొచ్చింది. చనిపోయినవాళ్లకి ఒక్కొక్కరికీ కాసులతో ఒక బొమ్మ కట్టాలి. తల, చేతులు, మొండెం, కాళ్లు, మొత్తం రెండు వందల పాతిక కాసులు. దాన్ని ఎముకల మీద పరిచి, వాటితోపాటే దహనం చేస్తారు. ఒకప్పుడు ఎవరింటి కాసులతో వాళ్లే కట్టుకునేవాళ్లు. ఈమధ్య అన్నీ ఒకేచోట తెప్పించడం మొదలెట్టాక బొమ్మలు కూడా నేసా దగ్గరనుంచే వెళ్తున్నాయి. బొమ్మకి ఐదు లక్షలు. అవ్వ కట్టబోయే పదిహేను లక్షల్లో ఆ ఐదూ ఉన్నాయి. పదకొండు బొమ్మలూ కట్టేది రస్మినే. బొమ్మకి నలభై వేల కూలి. ఆ డబ్బుతో అత్తగారికి పళ్లు కట్టిస్తానని మాటిచ్చింది. ఆ ముసలావిడ ఇప్పటికే ఇరుగుపొరుగుకి చెప్పేసి, పంది తోలు వేపుడు తింటానని ఊరేగుతోంది.

రస్మిని వేళ్ల మధ్య విరిగిన ముక్క తిప్పుతూ కాసేపు కూర్చుంది. తర్వాత ముక్కలన్నీ మళ్లీ మూట కట్టి, మూసలో పడకుండా తన చాప కింద తోసి, చెప్పులు తొడుక్కుంది.

అవ్వ ఇంటి సందు తిరగకముందే చప్పుడు వినిపించింది. ఠక్. కాస్త ఆగి, మళ్లీ ఠక్. అవ్వ వంటింటి ముందు పీట మీద కూర్చుని ఉంది. ఎదురుగా మసాలా నూరే రాయి, చేతిలో పొత్రం. ఒక కాసు తీసి నుదుటికి ఆనించుకుంటోంది, రాతి మీద పెడుతోంది, ఒక్కటి వేస్తోంది. మళ్లీ ఇంకోటి తీసి నుదుటికి.

"ఏం చేస్తున్నావవ్వా?"

"కనిపించడం లేదూ? పగలగొడుతున్నా. పగిలినవైతేనే కొంటానన్నాడుగా మీ వాడు." అవ్వ ముక్కల్ని చేటలోకి తోసింది. "అలా చూడకు. ఒక్కోదానికీ దణ్ణం పెట్టుకునే కొడుతున్నా. తప్పయితే మా ఆయన అక్కడ సర్దిచెప్పుకుంటాడు, ఆయనకి నోరెక్కువ."

రస్మిని దగ్గరికి వెళ్లి పొత్రం చేతిలోంచి లాక్కుంది.

"ఏంటే ఈ దౌర్జన్యం!"

"కూర్చో అవ్వా, నీకో బొమ్మ చూపిస్తా."

ఒక దండ విప్పి, కాసుల్ని నేల మీదే పేర్చడం మొదలుపెట్టింది. తలకి గుండ్రంగా, కింద మెడ, రెండు పక్కలా చేతులు. పన్నెండేళ్ల అలవాటు, చేతులు వాటంతటవే నడిచాయి. ఒక దండ చాలక రెండోదాంట్లోంచి పాతిక తీసింది. కాళ్లు పూర్తయ్యాక వెనక్కి జరిగింది.

"ఇదెవరు?" అంది.

అవ్వ మెడ సాచి చూసింది. "ఎవరైతేనేం. బొమ్మ."

"గెజిర్ తాత. నువ్వు కట్టే పదిహేను లక్షల్లో ఈ బొమ్మకి ఐదు. ఇప్పుడు దీన్నే పగలగొట్టి నేసా అన్న కాటా మీద వెయ్యి, ఎంతొస్తుంది? ముప్పావు కిలో మీద ఇంకాస్త. యాభై ఆరు వేలు."

అవ్వ ఎండకి కళ్లు చిట్లించి బొమ్మనే చూస్తోంది.

"యాభై ఆరు వేలకి ఇచ్చేసి, ఐదు లక్షలకి కొనుక్కుంటున్నావు. నీ దగ్గర ఒక బొమ్మకి సరిపడా కాదు, ఎంతమందికి సరిపోతాయో చూసుకో. పదకొండు ఇళ్లవాళ్లూ మా దగ్గర కొనడానికి సిద్ధంగా ఉన్నారు. వాళ్లంతా నీ దగ్గర తీసుకోవచ్చుగా?"

అవ్వ నెమ్మదిగా చేట పక్కన పెట్టింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నా తెలివి తెల్లారినట్టే ఉంది! నాలుగేళ్లుగా వీటిని మంచం కింద పెట్టుకొని పందిని అమ్ముకున్నాను కదే!"

"అదే మరి."

"మంచి పందే అది. పిలిస్తే వచ్చేది." అవ్వ కళ్లు తుడుచుకుంది. ఏడుపో నవ్వో తెలియడం లేదు. అంతలో ఏదో తట్టినట్టు తలెత్తి, "ఇంతకీ ఇందులో నీకేమొస్తుందే?" అని అడిగింది.

"నాకా? వచ్చేదేం లేదు. మా అత్త పళ్లు పోతాయి."

విషయం చెప్పేసరికి అవ్వ పగలబడి నవ్వింది. "మీ అత్తకి పళ్లు లేకపోవడమే నీకు మేలు పిల్లా, నా మాట విను," అంది.

మర్నాడు సాయంత్రం బంజార్ మండపంలో, అంటే మా వాడ మండపంలో, అందరూ చేరారు. దహనం ఏర్పాట్లు చూసేది బంజార్ పెద్ద సుబాగియా, బడిలో లెక్కలు చెప్తాడు. వెదురు ఎంత, తెల్లగుడ్డ ఎంత, పూజారికి బండి ఎవరిది అని ఒక్కోటి చదువుకుంటూ బొమ్మల దగ్గరికి వచ్చేసరికి రెనింగ్ అవ్వ లేచి నిలబడింది. మండపం మెట్ల మీద అప్పటికే రెండు బుట్టలు పెట్టించింది.

చెప్పాల్సింది తనే చెప్పింది. పగలగొట్టిన సంగతి కూడా దాచలేదు. "తెలివితక్కువ దాన్ని, కొట్టేశా," అంది. ఆ మాటకి ఆడవాళ్లలో ఒకావిడ అయ్యో అయ్యో అని బుగ్గలు నొక్కుకుంది. సుబాగియా దిగి వచ్చి బుట్టల పక్కన గొంతుక్కూర్చున్నాడు. దండలు లెక్కపెట్టించాడు. రెండు వేల పాతిక నిండు కాసులు తేలాయి. తొమ్మిది బొమ్మలు.

"ఏమంటావు నేసా?" అన్నాడు.

నేసా వెనక స్తంభానికి ఆనుకొని కూర్చున్నాడు. పదకొండు బొమ్మల బేరం కళ్లముందే కరిగిపోతోంది. రస్మిని వైపు ఒకసారి చూశాడు, ఆమె చాప అల్లిక లెక్కపెడుతోంది. "నేనేమంటాను? మంచి కాసులే," అన్నాడు. "ఆ పగిలినవి ఇంకా కరిగించలేదు. మిగతా రెండు బొమ్మలకీ వాటినే పోసిస్తా. దానికి లోహం డబ్బు అడగను."

సుబాగియా తన నోట్‌బుక్‌లో గీతలు గీశాడు. అవ్వ కట్టాల్సింది ఏమీ లేదు, తీసుకోవాల్సిందే ఉంది అన్నాడు. పాత కాసులు తీసుకునే మిగతా ఎనిమిది ఇళ్లవాళ్లూ అవ్వకి తలా మూడు లక్షలు ఇస్తే వాళ్లకీ తలా రెండు లక్షలు మిగులుతాయి, అవ్వకి వంటింటి కప్పు మారుతుంది. ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. పందిని కొన్న కోమాంగ్ అనే అతను, "పందిని తిరిగిచ్చెయ్యమంటే మాత్రం ఇవ్వలేనవ్వా, నిన్ననే కోసేశాం," అన్నాడు. మండపమంతా గొల్లుమంది.

అక్కడిదాకా బాగానే ఉంది. తొమ్మిది పాతవి, రెండు కొత్తవి. కొత్తవి ఎవరికి? అప్పుడు చూడాలి మా వాళ్ల మొహాలు. నిన్నటిదాకా మెరిసే కాసులకే ఒప్పుకున్నవాళ్లు ఒక్కరు కూడా నోరు మెదపలేదు. పాత కాసు ఎన్ని పూజలు చూసి ఉంటుంది, ఎన్ని చేతులు దాటి ఉంటుంది, అది తోడొస్తే పోయినవాడికి దారి తెలుస్తుందని మా పెద్దవాళ్లు అంటారు. అందరి కడుపులోనూ అదే ఉంది. చివరికి ఊరి నర్సు, "మా అమ్మకి కొత్తవి ఇవ్వండి. ఆవిడకి దారులన్నీ తెలుసు," అంది. ఒకటి తేలింది.

"రెండోది నేసా వాళ్ల నాన్నకే!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. "కొడుకు సరుకు ఉండగా వేరేవాళ్లదెందుకు? దేవుళ్లు కాసు వయసు చూడరు!"

నేసా తండ్రి కూడా ఆ పదకొండు మందిలో ఉన్నాడు. అందరూ నేసా వైపు తిరిగారు. అతను నవ్వబోయాడు. "అంతేగా మరి. నాదే పెడతా," అన్నాడు.

తర్వాత నాలుగు రోజులు రస్మిని పాత కాసులతోనే కూర్చుంది. కూలి పోలేదు, తొమ్మిది ఇళ్లవాళ్లూ కట్టుకూలి వేరుగా ఇస్తామన్నారు, అత్తగారి పళ్లు నిలబడ్డాయి. కొత్త కాసులకంటే ఇవి గుచ్చడం తేలిక. అంచులు ఎప్పుడో అరిగిపోయి ఉన్నాయి, దారం తెగదు, వేలు కోసుకోదు. ఒక్కో బొమ్మా పూర్తయ్యాక తెల్లగుడ్డలో చుట్టి, పేరు రాసిన తాటాకు ముక్క దోపి, గోడవారగా పెట్టింది.

నేసా ఆమెతో ముక్తసరిగా మాట్లాడుతున్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండునని ఆమెకి అనిపించింది. అవ్వ పగలగొట్టిన ముక్కల్ని మూసలో వేసి, లెక్క ప్రకారం మిగతా లోహాలు కలిపి, మైనపు కొమ్మల అచ్చుల్లో పోశాడు. మట్టి పగలగొట్టి కాసుల్ని తుంచాడు. పని మధ్యలో నీళ్లకని లేచి, రస్మిని చాప దగ్గర ఆగేవాడు. ఒక పాత కాసు తీసుకొని బొటనవేలితో రుద్ది, వాసన చూసి, మళ్లీ ఎక్కడ తీశాడో అక్కడే పెట్టేవాడు. రోజుకి మూడుసార్లు అదే పని. ఆమె చూసీ చూడనట్టు ఊరుకుంది. అతని మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

ఐదో రోజు పొద్దున్నే అవ్వ వచ్చింది, అరిటాకులో బియ్యపు ఉండలు పట్టుకొని. ముగ్గురూ తలా ఒకటి నోట్లో వేసుకున్నారు. తాత పేరున్న మూట ఏదని అవ్వ అడిగితే రస్మిని తీసి ఒళ్లో పెట్టింది. అవ్వ గుడ్డ విప్పి, బొమ్మ తలమీద చెయ్యి పెట్టింది. నేసా ఆకురాయి వెతుకుతున్నట్టు అక్కడే తచ్చాడుతున్నాడు. అవ్వ అతన్నే చూస్తోంది.

"ఏరా నేసా," అంది. "నీకు ఇది కావాలి కదూ?"

"నాకెందుకవ్వా?"

"నీకు కాదు, మీ నాన్నకి. నోరు తెరిచి అడిగితే ముత్యాలు రాలిపోతాయా?"

నేసా చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. కాలిపోయిన కనుబొమల కింద కళ్లు ఎర్రబడ్డాయి. అరవై ఏళ్ల మనిషి, చిన్నపిల్లాడిలా నేల చూశాడు. "ఊళ్లో అందరి నాన్నలకీ కొత్తవే కట్టాను," అన్నాడు. "అప్పుడేమీ అనిపించలేదు. మొన్న మండపంలో అనిపించింది."

"తీసుకో."

"వద్దవ్వా. ఇవి తాత సంపాదించినవి. ఆయనకే ఉండాలి."

"ఆయన సంగతి నీకంటే నాకు ఎక్కువ తెలుసు. కొత్తది ఏది కనిపించినా ఆగేవాడు కాదు. డోలుకి కొత్త తోలు వేస్తే ఇంటికి కూడా రాకుండా మండపంలోనే పడుకున్నాడు. మెరిసేవి కట్టు ఆయనకి. అవీ మా కాసులేగా, నిప్పుల్లో స్నానం చేసొచ్చాయి, అంతే." మూట ఎత్తి అతని చేతుల్లో పెట్టింది.

నేసా రెండు చేతులా పట్టుకొని నిలబడ్డాడు. చివరికి, "దీనికి ఎంతివ్వమంటావవ్వా?" అని అడిగాడు.

"ఎంతేంట్రా, రేటు నువ్వే చెప్పావుగా? కాటా తీసుకురా, తూకం వెయ్యి. కిలో డెబ్బై వేలు."

రస్మిని నోట్లో ఉన్న ఉండ గొంతుకి అడ్డం పడి దగ్గింది. నేసా ఆ మూటనీ, మూల ఉన్న కాటానీ మార్చి మార్చి చూశాడు. నవ్వాలో సిగ్గుపడాలో అతనికి తెలియలేదు, రెండూ చేశాడు. తర్వాత మూటని తీసుకెళ్లి, లోపల తండ్రి ఫోటో కింద పెట్టి వచ్చాడు.

కొత్త కాసులు చేటలో చల్లారి ఉన్నాయి, తుంచిన చోట ఇంకా గరుగ్గా. అంచులు గీయడం రస్మిని పని. ఆమె ఆకురాయికి చెయ్యి చాపింది.

"ఉండమ్మాయ్," అన్నాడు నేసా. "తాతవి నేను గీస్తా."

పీట లాక్కుని అవ్వ ఎదురుగానే కూర్చున్నాడు. మొదటి కాసు తీసుకొని అంచు చుట్టూ గీసి, వేలితో తడిమి, మళ్లీ గీసి, అవ్వ చేతికి అందించాడు. అవ్వ దాన్ని వెలుతురుకి పట్టుకొని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ పక్క ఇంకాస్త," అని వెనక్కి ఇచ్చింది. ఇంకా రెండు వందల ఇరవై నాలుగు ఉన్నాయి.